పాత టైర్ల రబ్బరు పొట్టుతో ఎస్‌సీసీ: కర్బ్ రాళ్లకు, గోడ పలకలకు పనికొస్తాదా?

పెన్నా_ప్రీకాస్ట్ (కడప)

అందరికీ నమస్కారం. మాది కడప బయట చిన్న ప్రీకాస్ట్ యార్డు, అంటే కాంక్రీటు వస్తువులు అచ్చుల్లో పోసి అమ్మే చోటు. కర్బ్ రాళ్లు, కాలువ మూతలు, కాంపౌండ్ గోడ పలకలు, వాటిని పట్టుకునే స్తంభాలు పోస్తాం. రెండు తలనొప్పులు ఉండాయి. ఒకటి వైబ్రేటర్ టేబుల్ మోత. చుట్టూ ఇండ్లు లేచినాయి, రాత్రిపూట పోయనియ్యరు. ఎండాకాలం పగలు పోస్తే పైన జాలీ పగుళ్లు. రెండోది, లారీకి ఎక్కించి దించేలోపల కర్బ్ రాళ్ల అంచులు లేచిపోతాండాయి. అంచు పోయిన రాయిని సైటు కాడ ఎవురూ తీసుకోరు.

మోత లేకుండా పోయాలంటే ఎస్‌సీసీకి (సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీటు, వైబ్రేటర్ లేకుండా తనంతట తానే పారి అచ్చు నింపేది) పోండి అన్నారు. మా పక్కనే టైర్ల రీట్రేడింగ్ షెడ్డు ఉంది. టైరు గీకినప్పుడు వచ్చే రబ్బరు పొట్టు బస్తాలకు బస్తాలు పడుంటాది, ఊరికే తీసకపో అంటాండారు. ఇసుకలో కొంత తీసేసి ఇది కలిపితే అంచులు లేవవని ఒక వీడియోలో చూసినా. నిజమేనా? ఎంత కలపొచ్చు? ఇసుక ఖర్చు కూడా రొంత కలిసొస్తాదా?

ఆర్‌ఎంసీ_రాత్రిడ్యూటీ (కర్నూలు)

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తా అన్నా: కలిసిరాదు. ఎస్‌సీసీ అంటేనే సిమెంటు, ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంటు బూడిద) లాంటి పొడి ఎక్కువ, కాంక్రీటును పారించే పీసీఈ అడ్మిక్చర్ అనే మందు ఎక్కువ. మామూలు కాంక్రీటు కంటే క్యూబిక్ మీటరు రేటు పెరుగుతుంది. నీకు మిగిలేది వైబ్రేటర్ కాడ కూలీ, కరెంటు, ఇంకా అచ్చులు. టేబుల్ మీద అదిరి అదిరి వదులయ్యే అచ్చులు ఇంకొన్నాళ్లు ఎక్కువ వస్తాయి. రబ్బరు వేస్తే బలం తగ్గుతుంది, తగ్గింది పూడ్చాలంటే సిమెంటు పెంచాలి. ఇసుకలో మిగిలిన రూపాయి ఆడ పోతుంది.

అంచుల సంగతి మాత్రం నిజమే.

ఇంకో మాట. ఎస్‌సీసీ అంటే నీళ్లు ఎక్కువ పోసిన కాంక్రీటు కాదు. మామూలు కాంక్రీటు సంగటి అయితే ఇది అంబలి. కానీ అంబలి పలచన కావాలని నీళ్లు పోస్తాం, ఇక్కడ ఆ పని చేస్తే కంకర అడుక్కు పోయి, పైన నీళ్లు తేలతాయి. పారించేది అడ్మిక్చర్, కంకరను పైన పట్టి ఉంచేది పొడి. మా ప్లాంటులో కొత్తగా చేరినోళ్లు అందరూ మొదట చేసే పని పైపు తిప్పడమే.

జల్లెడ (అనంతపురం)

పెన్నా గారూ, బలం ఎందుకు తగ్గుతుందో తెలిస్తేనే ఎంత కలపాలో తేలుతుంది కాబట్టి కొంచెం విడమరుస్తాను.

ఇసుక గింజ రాయి. బరువు పడితే తన వాటా తను మోస్తుంది. రబ్బరు గింజ మోయదు, నలుగుతుంది. బలం లెక్కలో అక్కడ ఖాళీ ఉన్నట్టే. దానికి తోడు రబ్బరుకు నీళ్లంటే పడదు. టైరు తయారీలో వేసే జింక్ ఆక్సైడూ స్టియరిక్ ఆమ్లమూ కలిసి జింక్ స్టియరేట్ అవుతుంది, అది గింజ పైకి వచ్చి నీళ్లను నెట్టేస్తుంది. అందువల్ల గింజను అంటుకుని గాలి కూడా మిక్సులోకి వస్తుంది, సిమెంటు గుజ్జు గింజను సరిగా పట్టుకోదు.

1993లో ఎల్డిన్, సెనూచి అనే ఇద్దరు దీన్ని చివరిదాకా పరీక్షించి చూశారు. కంకర మొత్తం తీసేసి రబ్బరు ముక్కలు వేస్తే నలుగుడు బలం 85 శాతం దాకా పడిపోయింది. ఇసుక మొత్తం తీసేసి రబ్బరు పొడి వేస్తే 65 శాతం దాకా. అంటే ముక్క పెద్దదైన కొద్దీ నష్టం ఎక్కువ. కానీ అదే పరీక్షలో ఇంకో సంగతి కూడా చూశారు: నమూనాలు పెళుసుగా పగలలేదు, పగుళ్లు వచ్చాక కూడా కొంత సాగి, దెబ్బను లోపల ఇముడ్చుకున్నాయి. మీ అంచులకు కావలసింది ఈ గుణమే.

కాబట్టి కంకర జోలికి పోవద్దు. ఇసుకలోనే, అదీ కొంచెం. 5 నుంచి 10 శాతం మధ్య మొదలుపెట్టండి.

ఆర్‌ఎంసీ_రాత్రిడ్యూటీ (కర్నూలు)

మేడం, నాకెప్పుడూ అర్థం కానిది ఒకటుంది. ఒక పేపర్లో 10 శాతానికి బలం కొంచెమే తగ్గిందని ఉంటుంది. ఇంకోదాంట్లో అదే 10 శాతానికి మిక్సు చేతికి రాలేదని ఉంటుంది. ఇద్దరూ మంచి ల్యాబులోనే చేస్తారు కదా.

జల్లెడ (అనంతపురం)

చాలాసార్లు తేడా ఆ 'శాతం' దగ్గరే ఉంటుంది. ఒకరు బరువు లెక్కన తీస్తారు, ఇంకొకరు పరిమాణం లెక్కన.

లెక్క కోసం క్యూబిక్ మీటరుకు ఒక ఎస్‌సీసీ అనుకుందాం: సిమెంటు 350 కేజీలు, ఫ్లైయాష్ 150, నీళ్లు 180, ఇసుక 850, చిప్స్ (చిన్న కంకర) 800. ఇసుక సాంద్రత నీళ్లకు 2.65 రెట్లు, కాబట్టి ఇసుక ఆక్రమించే చోటు 321 లీటర్లు. రబ్బరు సాంద్రత 1.15 రెట్లే.

పరిమాణం లెక్కన 10 శాతమంటే 32 లీటర్ల ఇసుక, అంటే 85 కేజీలు, తీసేయాలి. ఆ 32 లీటర్లలో పట్టే రబ్బరు 37 కేజీలు. అదే బరువు లెక్కన 85 కేజీల ఇసుక తీసి 85 కేజీల రబ్బరు వేస్తే అది 74 లీటర్లు. అంటే పేరుకు 10 శాతం, నిజానికి ఇసుక చోటులో 23 శాతం రబ్బరు. పైగా మిక్సు మొత్తం 42 లీటర్లు పెరిగిపోయింది కాబట్టి క్యూబిక్ మీటరుకు సిమెంటు కూడా తగ్గింది. ఇక బలం ఎక్కడ నిలుస్తుంది?

యార్డులో బాండ్లీతో కొలిచే అలవాటుంటే అది పరిమాణం లెక్కే కదా అనుకోవద్దు. రబ్బరు పొట్టు బాండ్లీలో వదులుగా పడుతుంది, సగానికి పైగా గాలే. తూకమే వేయండి. కానీ తూకం ఎంతో ముందు పరిమాణం నుంచి లెక్క కట్టండి.

పాత_ఇంజనీరు (కర్నూలు)

చర్చ బాగుంది. నేను ఒక్క స్తంభాల దగ్గర ఆగుతాను. పెన్నా గారు నాలుగు వస్తువులు చెప్పారు. నాలుగింటికీ ఒకే మిక్సు వాడతామంటే నేను ఒప్పుకోను.

కర్బ్ రాయికి కమ్మి ఉండదు, నేలమీద కూర్చుంటుంది, దానికి కావలసింది దెబ్బ ఓర్చడం. అందులో రబ్బరు వేయండి, నాకు అభ్యంతరం లేదు. గోడ పలక పలచగా ఉంటుంది, రెండు స్తంభాల మధ్య వంగుతుంది. రబ్బరు వేస్తే బలం కన్నా ముందు బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, పోతుంది. ఐఎస్ 456 అనే మన దేశ ప్రమాణంలో కాంక్రీటు బిగువుకు, దాని బలం వర్గమూలానికి 5000 రెట్లు అని ఒక సూత్రం ఉంది చూడండి, అది మామూలు కాంక్రీటుకు. రబ్బరు ఉన్నదానికి అదే సూత్రం వేస్తే వంపు తక్కువ చూపిస్తుంది. స్తంభం గాలిని ఆపుతుంది, మొదలు దగ్గర వంచే బలం అంతా దానిదే. అందులో వద్దు. కాలువ మూత మీద ఎప్పుడో ఒకప్పుడు ఇసుక ట్రాక్టరు ఎక్కుతుంది. అందులోనూ వద్దు.

ఇంకొకటి. కాంక్రీటులో వాడే కంకర, ఇసుకల గురించి చెప్పే ఐఎస్ 383ను 2016లో సవరించినప్పుడు స్లాగు, పాత కాంక్రీటు ముక్కలు వంటివాటికి చోటిచ్చారు. టైరు రబ్బరు అందులో లేదు. ప్రభుత్వ పనికి ఇచ్చే రాయిలో చెప్పకుండా కలిపితే రేపు బిల్లు ఆగుతుంది.

కొత్తకాంట్రాక్టర్ (గుత్తి)

సార్, నాకు గుత్తిలో రెండంతస్తుల ఇల్లు ఒకటి ఉంది. ఓనరు స్లాబు వేడి దిగకూడదు అంటాండాడు. రబ్బరు వేస్తే వేడి తక్కువ దిగుతుందట కదా? స్లాబులో ఒక 15 శాతం వేస్తే ఎట్లుంటుంది?

పాత_ఇంజనీరు (కర్నూలు)

ఎట్లుంటుందో చూడాలంటే ఆ ఇంట్లో మీరే కాపురం పెట్టండి.

కోపం కాదు బాబూ. రబ్బరుకు వేడిని పంపే గుణం తక్కువ అన్నది నిజమే. కానీ స్లాబు వేడికి మందు స్లాబు పైన ఉంది. వెదరింగ్ కోర్సు, తెల్ల పూత, కూల్ టైల్స్, ఏదైనా సరే. మోసే కాంక్రీటును బలహీనం చేసుకుని చల్లదనం కొనుక్కోవడం ఏమిటి? ఎం30 కాంక్రీటు అనుకోండి, అంటే చదరపు మి.మీ.కు 30 న్యూటన్ల బలం. ఐఎస్ 10262 ప్రకారం ల్యాబులో మనం కొట్టవలసిన సగటు 38.25. రబ్బరు వల్ల ఐదో వంతు పోతుందనుకుంటే, రబ్బరు లేని మూల మిక్సు 47.8కి కట్టాలి. అంటే దాదాపు ఎం40 మిక్సు ఖర్చు పెట్టి ఎం30 ఇంటికి తెచ్చుకున్నట్టు. ఆ సిమెంటు తయారీకి కాలిన బొగ్గు లెక్క ఎవరు వేస్తారు? టైర్లు కాపాడాం అని ఫోటో మాత్రం దిగుతారు.

జల్లెడ (అనంతపురం)

మంట సంగతి కూడా ఉంది. కొద్దిపాటి పొడి ఉంటే అది కాలిపోయి వదిలిన దారుల్లో ఆవిరి బయటపడి కాంక్రీటు పెచ్చులూడడం తగ్గిందని కొన్ని పరీక్షల్లో వచ్చింది. శాతం పెరిగితే మాత్రం కాలిన తర్వాత మిగిలే బలం బాగా పడిపోతుంది, పొగ వేరే. మా అనంతపురం పల్లెల్లో ప్రహరీ గోడకు ఆనించే శనగకాయ కట్టె వామి వేస్తారు. ఏడాదికి ఎక్కడో ఒకచోట అది అంటుకుంటుంది. గోడ పలకలకు వద్దు అన్న పాత ఇంజనీరు గారి మాటకు ఇదొక కారణం కలుపుకోండి.

రీట్రేడ్_షెడ్డు (కడప)

నేనే ఆ పక్క షెడ్డోడిని. పెన్నా అన్న లింకు పంపితే చూసినా. ఒక మాట చెప్పాల. మా కాడ వచ్చేది మీరు కంపెనీలో కొనే క్రంబ్ (నూరిన టైరు రబ్బరు) మాదిరి ఉండదు. మేము టైరును బఫింగ్ మిషన్‌కు ఎక్కించి పైన అరిగిన ట్రెడ్ గీకుతాం. గుండ్రంగా తిరిగే బ్లేడు గీకేది కాబట్టి పొట్టు పొడుగ్గా, సన్నగా, కొబ్బరి కోరు లెక్క రాలతాది. దాంట్లోనే సన్న పొడి కూడా ఉంటాది. ట్రెడ్ వరకే గీకుతాం, లోపల తీగెల దాకా పోము. కాబట్టి ఇనుమూ ఉండదు, నైలాన్ దారమూ ఉండదు. లారీ టైర్లే ఎక్కువ.

అయితే షెడ్డు నేల మీద నుంచి ఊడ్చి బస్తాకు ఎత్తుతాం. ఆయిలు, మట్టి ఉంటాది. అది మీరు చూసుకోవాల.

జల్లెడ (అనంతపురం)

అన్నా, చాలా పనికొచ్చే మాట చెప్పారు. ఫ్యాక్టరీ క్రంబ్‌లో రెండు రకాలు. మామూలు వేడి దగ్గరే కోసి నూరితే గింజ గరుకుగా, చిరుగులతో ఉంటుంది. ద్రవ నత్రజనితో గడ్డకట్టించి పగలగొడితే నున్నగా, గాజు ముక్కలా పలకలుగా వస్తుంది. సిమెంటు పట్టుకు గరుకుదే మేలు. మీ పొట్టు గరుకే, కానీ పొడుగు పోగులు ఎస్‌సీసీకి అడ్డం. అవి ఒకదానికొకటి చిక్కుకుని పారకం తగ్గిస్తాయి. 4.75 మి.మీ. జల్లెడ పట్టి పైన నిలిచింది వదిలేయండి. 2.36ది పడితే ఇంకా మంచిది. ఆయిలు ఉంటే కడిగి, నీడన ఆరబెట్టి వాడాలి.

బండల_మిషన్ (బేతంచెర్ల)

అందరూ రబ్బరు గురించే మాట్లాడతాండారు. పొడి ఎక్కువ కావాలంటే మా దగ్గర గుట్టలు ఉన్నాయి కదప్పా! పాలిష్ బండలు కోసేటప్పుడు నీళ్లతో కలిసి బురదగా పారేది, ఆరితే ముఖానికి రాసుకునే పౌడరంత సన్నం. సున్నపురాయి పొడే అది. రోడ్డు పక్కన పోస్తే ఊరంతా దుమ్మని తిడతారు. ఎస్‌సీసీకి సున్నపురాయి పొడి వాడతారని ఎవరో ఇంజనీరింగ్ పిల్లోళ్లు వచ్చి గోతాల్లో పట్టుకుపోయినారు.

ఆర్‌ఎంసీ_రాత్రిడ్యూటీ (కర్నూలు)

నిజంగా ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన పోస్టు ఇదే. యూరప్‌లో ఎస్‌సీసీకి రాసుకున్న ఎఫ్నార్క్ మార్గదర్శకాల్లో క్యూబిక్ మీటరుకు పొడి 380 నుంచి 600 కేజీల దాకా ఉంటుంది. అంతా సిమెంటే పోస్తే చేతిలో చిల్లిగవ్వ మిగలదు, వేడికి పగుళ్లు కూడా. సున్నపురాయి పొడి దానికి బాగా తెలిసిన మందు. మనకు ఒక పక్క బేతంచెర్ల పొడి, ఇంకో పక్క ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ ప్లాంటు ఫ్లైయాష్. రాయలసీమలో ఎస్‌సీసీకి కావలసింది కాళ్ల కిందే ఉంది.

రెండు జాగ్రత్తలు. బండల పొడి గడ్డలు కట్టి ఉంటుంది, ఆరబెట్టి నలిపి జల్లెడ పట్టాలి. లోపల తేమ ఎంతుందో చూడకపోతే నీళ్ల లెక్క గోవిందా. తాడిపత్రి వైపు నుంచి తెచ్చుకుంటే గ్రానైట్ పొడి కలిసి ఉందేమో చూసుకో. అది చెడ్డదని కాదు, రెండూ ఒకే మోతాదులో నీళ్లు తాగవు. ఫ్లైయాష్ అయితే పొడిది తెచ్చుకో, చెరువులో నుంచి ఎత్తిన బూడిద ఎస్‌సీసీకి పెట్టకు.

జల్లెడ (అనంతపురం)

ఫ్లైయాష్ గురించి ఒక ఆధారం: టర్కీకి చెందిన గునెయీసి 2010లో అచ్చం ఈ పనే చేశాడు. ఎస్‌సీసీ ఇసుకలో 25 శాతం దాకా రబ్బరు, సిమెంటు బదులు 60 శాతం దాకా ఫ్లైయాష్. రబ్బరు పెరిగే కొద్దీ పారకం మందగించింది, ఫ్లైయాష్ దాన్ని చాలావరకు సరిచేసింది. అంతకు ముందే, 2006లో, బొలోన్యా విశ్వవిద్యాలయంలో బిన్యోత్సి, సాండ్రొలీని ఇసుక బదులు టైరు రబ్బరు వేసి ఎస్‌సీసీ తీసుకురావచ్చని చూపించారు. కాబట్టి పారుతుందా లేదా అన్న అనుమానం వద్దు.

అసలు భయం వేరే: తేలడం. మామూలు కాంక్రీటులో రబ్బరు గింజ ఎక్కడ పడితే అక్కడే ఇరుక్కుంటుంది. ఎస్‌సీసీ పారేది కాబట్టి తేలికైన గింజ పైకి వచ్చే దారి ఉంది. వైబ్రేటర్ పెడితే ఇంకా త్వరగా వస్తుంది, కాబట్టి అలవాటు కొద్దీ టేబుల్ స్విచ్ వేయకండి. గుజ్జు చిక్కగా ఉండాలి. కర్బ్ రాయికి 750 మి.మీ. పారకం (కోన్ ఎత్తినాక రేకు మీద పరుచుకునే వెడల్పు) ఎందుకు? ఎఫ్నార్క్‌లో ఎస్ఎఫ్1 తరగతి, 550 నుంచి 650, చాలు. వీ-ఫన్నెల్ (వీ ఆకారపు గరాటు) లోంచి కారడానికి 8 సెకన్లు దాటితే కంగారు పడకండి, 9 నుంచి 25 మధ్య తరగతి రబ్బరు మిక్సుకు అనుకూలమే.

పెన్నా_ప్రీకాస్ట్ (కడప)

మేడం, వీ-ఫన్నెల్, కమ్మీల సందుల్లో పారేది చూసే ఎల్-బాక్స్ మా కాడ లేవు. స్లంప్ కోన్ ఉంది. దాంతో అయ్యేది చెప్పండి.

ఆర్‌ఎంసీ_రాత్రిడ్యూటీ (కర్నూలు)

నేను చెప్తా. ఒక నున్నటి ఇనుప రేకు, మీటరు పొడుగు మీటరు వెడల్పు, లెవెల్‌గా పరుచు. తుడిచి తడిగుడ్డ పెట్టు. మధ్యలో కోన్ పెట్టి నింపు, కడ్డీతో కుమ్మవద్దు. ఎత్తి, పారడం ఆగినాక రెండు వైపులా అడ్డంగా కొలిచి సగటు తీసుకో. 500 మి.మీ. గీత తాకడానికి ఎన్ని సెకన్లో కూడా చూడు.

అంకె కంటే ఆ రేకు మీద కాంక్రీటు ముఖం చూడడం ముఖ్యం. అంచున నీళ్ల గీర కనపడిందా? మధ్యలో చిప్స్ కుప్పగా మిగిలిందా? రబ్బరు మిక్సు అయితే ఇంకొకటి చూడాలి: పైన నల్లటి తెట్టు కడుతుందా? ఈ మూడూ లేకపోతే ఎల్-బాక్స్ లేకున్నా నీ కర్బ్ రాయి బతుకుతుంది.

ఇంకో పని. 10 లీటర్ల బకెట్ ఒకటి సరిగ్గా నీళ్లతో తూచి పెట్టుకో. జల్లెడ మేడం చెప్పిన మిక్సు మొత్తం 2330 కేజీలు. పరిమాణం లెక్కన 10 శాతం రబ్బరు వేస్తే 2282 అవుతుంది. కాబట్టి బకెట్‌లో పచ్చి కాంక్రీటు 22.8 కేజీల దగ్గర తూగాలి. అది 21.9 తూగిందనుకో, సుమారు 4 శాతం గాలి ఎక్కువ చేరింది. ఒక్కో శాతం గాలికి బలంలో 5 శాతం దాకా పోతుందని మా పాత లెక్క. బలం పోయింది రబ్బరు వల్లనా, రబ్బరు తెచ్చిన గాలి వల్లనా అన్నది ఈ బకెట్ చెప్పేస్తుంది. 28 రోజులు ఆగక్కర్లేదు.

అచ్చుల సందులు కూడా చూసుకో. ఎస్‌సీసీ నీళ్ల మాదిరే పక్కలకు తోస్తుంది, మీటరు లోతుకు దగ్గర దగ్గర 24 కిలోపాస్కల్. సందు ఉంటే సిమెంటు పాలు కారిపోయి అంచున తేనెపట్టు మాదిరి గుల్లలు మిగులుతాయి. అంచుల కోసమే కదా నువ్వు ఇంత చేస్తాండేది.

కొత్తకాంట్రాక్టర్ (గుత్తి)

కాస్టిక్ సోడాలో నానబెడితే రబ్బరు పట్టు పెరుగుతుందని చదివినాను. అది చేస్తే బలం తిరిగి రాదా?

జల్లెడ (అనంతపురం)

చాలామంది చేశారు, ఫలితాలు ఒక్కతీరుగా లేవు. 2000లో సెగ్రే, జోకెస్ సోడా ద్రావణంతో రబ్బరు పైముఖం మార్చి పట్టు పెరిగిందని చూపించారు. తర్వాత చేసినవాళ్లలో కొందరికి కొంత లాభం వచ్చింది, కొందరికి ఏమీ రాలేదు. ఏదేమైనా గింజ మెత్తదనం మెత్తదనమే, సోడా దాన్ని రాయిగా మార్చదు.

యార్డు మనిషిగా ఆలోచించండి. చేతులు కాలే మందు, కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? సరిగా కడగకపోతే మిగిలిన సోడియం కాంక్రీటులోకి పోతుంది, కొన్ని రకాల రాళ్లతో అది ముందు ముందు పగుళ్లు తెస్తుంది. దానికన్నా సులువు: మిక్సరులో ముందు రబ్బరు పొట్టు, కొద్దిగా నీళ్లు, కొంత సిమెంటు లేదా బండల పొడి వేసి తిప్పండి. గింజకు పూత పడ్డాక మిగతావి వేయండి. గాలి కూడా తగ్గుతుంది.

పాత_ఇంజనీరు (కర్నూలు)

ఎస్‌సీసీ పుట్టిందే వైబ్రేటర్ సరిగా పట్టేవాడు దొరకక అన్నది చాలామందికి తెలియదు. 1980లలో జపాన్‌లో నైపుణ్యం ఉన్న కూలీలు తగ్గిపోయి, సరిగా కుదించని కాంక్రీటు త్వరగా పాడవుతుంటే, 1986లో టోక్యో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఒకమురా ఈ ఆలోచన పెట్టాడు. 1988కి ఓజావా మొదటి నమూనా చేశాడు. అకాషి కైక్యో వంతెన తీగలను నేలకు పట్టి ఉంచే దిమ్మెలను ఈ కాంక్రీటుతోనే పోశారు. రెండున్నరేళ్ల పని రెండేళ్లకు వచ్చింది. మన దగ్గర ఐఎస్ 10262లో 2019 సవరణతో దీనికి మిక్సు కట్టే పద్ధతి చేరింది. కూలీల కొరత అప్పటి జపాన్‌కు వచ్చినట్టే ఇప్పుడు కర్నూలుకు వచ్చింది, కాబట్టి పెన్నా గారు రబ్బరు మానేసినా ఎస్‌సీసీ మానకండి.

టైర్ల విషయంలో నాకు వేరే మాట ఉంది. ఆ పొట్టుకు అసలు చోటు రోడ్డు. క్రంబ్ రబ్బరు కలిపిన తారు, సీఆర్‌ఎంబీ, మనకు ఏళ్లుగా ఉంది, దానికి ఐఎస్ 17079 అని ప్రమాణం కూడా ఉంది. అక్కడ రబ్బరు మెత్తదనం గుణం. కాంక్రీటులో అదే లోపం.

జల్లెడ (అనంతపురం)

సార్, చివరి వాక్యంతో సగమే ఏకీభవిస్తాను. మోసే కాంక్రీటులో లోపం. దెబ్బ తినే కాంక్రీటులో అదే గుణం. అరిజోనాలో ఇలాంటి కాంక్రీటుతో పరీక్షా పలకలు పోసి చూశారు. మన సీమలాగే మండే నేల అది. ఎండకు వ్యాకోచం తక్కువగా ఉందని, పగుళ్లు తగ్గాయని రాశారు. కర్బ్ రాయి, డివైడర్, నడకదారి పలక, ఇవన్నీ ఆ కోవకే వస్తాయి.

పాత_ఇంజనీరు (కర్నూలు)

ఆ సగం మీకు వదిలేశాను.

పెన్నా_ప్రీకాస్ట్ (కడప)

పోసి చూసినాం. కర్బ్ రాళ్లు మాత్రమే. పరిమాణం లెక్కన 10 శాతం, తూకం వేసి.

మొదటి మిక్సులో రేకు మీద బాగా పారింది, కానీ కోన్ ఎత్తిన చోట చుట్టూ నల్లటి తెట్టు. మేస్త్రీ తాపీతో పైన లాగితే రబ్బరు పోగులు తాపీకి అంటుకుని వచ్చినాయి. దాంతోనే రెండు సిలిండర్లు పోసి పెట్టినాం. తర్వాతి దాంట్లో బేతంచెర్ల పొడి పెంచి, అడ్మిక్చర్ రవ్వంత తగ్గించి, పొట్టుకు ముందే పూత పెట్టి తిప్పినాం. పారకం 600 దగ్గర నిలిచింది. తెట్టు లేదు. దాంతో కూడా సిలిండర్లు పోసినాం.

గట్టిపడినాక బండల మిషన్ అన్న కాడికి తీసకపోయి నిలువునా కోయించినా. మొదటి సిలిండరు కోసిన ముఖం తడిపి చూస్తే పైన రెండు వేళ్ల మందం నల్ల చుక్కలే, అడుగున చిప్స్ తప్ప రబ్బరు కానరాదు. రెండోది పై నుంచి కింది దాకా ఒకే తీరు, నువ్వులు చల్లినట్టు. ఫోటోలు పెట్టినా చూడండి.

7 రోజులకు మిషన్‌లో నలిపి చూసిన క్యూబులు మామూలు మిక్సు కంటే తక్కువే వచ్చినాయి. కానీ పగిలిన తీరు వేరే. మామూలు క్యూబు టపాసు మాదిరి పేలి మిషన్ కింద ముక్కలు పడతాది. ఇది పగుళ్లు పాకినా విడిపోలే, చేత్తో పట్టుకోని బయటికి తీసినాం. కర్బ్ రాయిని కావాలనే లారీ డాలా ఎత్తు నుంచి మట్టి మీదికి ఒక మూల పడేట్టు వదిలినాం. మూల నలిగింది, లేవలే.

బండల_మిషన్ (బేతంచెర్ల)

కోసేటప్పుడు బ్లేడుకు కాలిన రబ్బరు వాసన వచ్చింది, నీళ్లు ఎక్కువ పెట్టినాం. మా పనోళ్లు ఇదేం బండ అని అడిగినారు.

ఆర్‌ఎంసీ_రాత్రిడ్యూటీ (కర్నూలు)

ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి ప్రింటు తీయించి యార్డులో అంటించు అన్నా. 28 రోజుల ఫలితం వచ్చేదాకా ఎవరికీ మాట ఇవ్వద్దు. ఫ్లైయాష్ ఉంది కాబట్టి 7 రోజులకు వెనకబడడం మామూలే. 56 రోజులకు కూడా ఒక జత ఉంచు. మే నెలలో పోస్తే అడ్మిక్చర్ పట్టు త్వరగా పోతుంది, తెల్లవారుజామున పోసుకో. ఇప్పుడు మోత లేదు కాబట్టి ఎవరూ గొడవ పెట్టరు కూడా.

పాత_ఇంజనీరు (కర్నూలు)

అమ్మేటప్పుడు బిల్లు మీద 'రబ్బరు కలిపిన కాంక్రీటు' అని రాసి ఇవ్వండి. ప్రైవేటు లేఅవుట్ల వాళ్లు పరీక్ష కాగితం చూసి తీసుకుంటారు. ప్రభుత్వ పనికైతే ముందే రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకున్నాకే అచ్చులో పోయండి. స్తంభాల అచ్చుల దగ్గరికి ఆ పొట్టు బస్తా పోకుండా చూడండి. ఒకే మిక్సరు కాబట్టి పొరపాటున పడుతుంది. బస్తాల చోటు వేరు చేసి తాళం వేయడం మంచిది.

రీట్రేడ్_షెడ్డు (కడప)

ఇదంతా చదివినాక నాకొకటి అర్థమైంది. 2022 జులైలో కేంద్రం పాత టైర్ల మీద కొత్త నియమాలు తెచ్చింది, టైర్లు చేసే కంపెనీలు పాత టైర్ల రీసైక్లింగ్‌కు లెక్క చూపాల. క్రంబ్ రబ్బరు చేసేటోళ్లు అప్పటినుంచి మా షెడ్ల చుట్టూ తిరుగుతాండారు. పెన్నా అన్నా, నీకు ఊరికే తీసకపో అన్న మాట మొదటి బస్తాల వరకే. ఇంకమీద కేజీ లెక్కన.

పెన్నా_ప్రీకాస్ట్ (కడప)

ఊడ్చిన మట్టితో, ఆయిలుతో ఇస్తే పాత లెక్కే. గోనెపట్టా పరిచి దాని మీద గీకి, 2.36 జల్లెడ పట్టి ఇస్తానంటే చెప్పు, రేటు మాట్లాడదాం. జల్లెడ నేనే కొనిస్తా.